సంచిక ఆలస్యానికి కోడలి సంజాయిషీ

మచిలీపట్నం,
ఆదివారం మధ్యాహ్నం

మావయ్యగారికి సుమతి నమస్కారాలు.

ఇక్కడ మేమందరం క్షేమం. భిలాయిలో వదిన ఇంట్లో మీరూ, అత్తయ్యగారూ, మీకు కొత్తగా వేసిన మోకాలూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మీ ఉత్తరం గురువారం అందింది. పోస్ట్‌మాన్ గేటు దగ్గర్నించే "మాస్టారి దస్తూరీ అమ్మా!" అని కేకేసి మరీ ఇచ్చి వెళ్ళాడు. ఫోన్ చేద్దామంటే మీరు రెండు మాటలు వినగానే "సరే, సరే, పెట్టేయ్, బిల్లవుతుంది" అంటారు. ఇప్పుడు మాటకి బిల్లు కాదని లోహిత్ ఎన్నిసార్లు చెప్పినా మనవడి మాట మీకు చెవికెక్కదు. అందుకని నేనూ కాగితమే పట్టుకున్నాను. పైగా ఈసారి రాయాల్సినవాటిలో ఒకటి ఫోన్లో చెప్పేది కాదు. దాని దగ్గరికి మెల్లగా వస్తాను. కంగారు పడకండి, ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు.

తుఫాను సంగతి అడిగారు. టీవీ వాళ్ళు మనందర్నీ ఊదరగొట్టేశారు గానీ, తీరా అది ఒడిశా వైపు తిరిగిపోయింది. మనకి చినుకులూ బురదా మిగిలాయి. దివిసీమలో అక్కడక్కడా వరి ఒరిగిందన్నారు, మళ్ళీ ఎండ కాయడంతో జనం తేరుకున్నారు. మన వీధిలో మాత్రం నీళ్ళు నిలిచి, మీ స్కూటరు చక్రాలు సగం దాకా మునిగాయి. మీ అబ్బాయి దాన్ని బయటికి లాగి, తుడిచి, ఆరబెట్టి, అప్పట్నించి రోజూ పొద్దున్నే స్టార్ట్ చేస్తున్నారు. ఎక్కడికీ వెళ్ళరు. ఇంటి ముందు కాసేపు బర్రుమనిపించి ఆపేస్తారు. ఎదురింటి సౌభాగ్యమ్మగారు "మీ మావగారు ఊళ్ళో లేకపోయినా ఉన్నట్టే ఉందమ్మా" అన్నారు. అది పొగడ్తో కాదో నేనడగలేదు.

మీరు వ్యాయామం రోజూ చేస్తున్నానని రాశారు. అనసూయ వదిన ఫోన్లో వేరే కథ చెప్పింది. ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చే వేళకి మీరు కళ్ళు మూసుకుని పడుకుంటున్నారట, ఆ అమ్మాయి వెళ్ళిపోగానే లేచి కాఫీ అడుగుతున్నారట. కాలేజీలో మీ క్లాసు ఎగ్గొట్టిన పిల్లల్ని మీరు ఏం చేసేవారో ఈ ఊళ్ళో చాలామందికి గుర్తుంది. వాళ్ళకి ఈ సంగతి తెలియకుండా చూసే బాధ్యత నాది. అలాగే బందరు లడ్డూ పంపమన్నారు. పంపుతున్నాను, కానీ డబ్బా వదిన పేరు మీద వస్తుంది. మీ షుగరు రిపోర్టు ఆవిడ దగ్గరే ఉంది కాబట్టి మీ వాటా ఎంతో ఆవిడే తేలుస్తుంది.

ఇక మన పత్రిక. పాతికేళ్ళు మీ రెక్కల కష్టం మీద నడిపి, రైలెక్కే ముందు నా చేతుల్లో పెట్టి వెళ్ళిన 'జలసీమ' గురించి మీరు ఉత్తరం నిండా అడిగారు, మోకాలి గురించి రెండు ముక్కలే రాశారు. పత్రిక బాగానే ఉంది. సంపాదకురాలిగా నా మొదటి సంచిక ఇది. చేపలూ, రొయ్యలూ, నీళ్ళూ, నేలా గురించి కాలేజీ వాళ్ళు రాస్తే, కోడూరు నుంచి తోట్లవల్లూరు దాకా రైతులు కూడా తెలుగులో చదువుకునే పరిశోధన పత్రిక మనదొక్కటేనని మీరెప్పుడూ అంటుంటారు. ఆ కుర్చీలో కూర్చున్నాక, మీరు అన్నాళ్ళు దాన్ని ఎలా లాక్కొచ్చారా అని అనిపిస్తోంది. కాలేజీలో జువాలజీ పాఠం చెప్పి ఇంటికొస్తే, వరండాలో ఎవరో ఒకరు వ్యాసం పట్టుకుని కూర్చునుంటారు.

"ఉప్పు నేలల మీద వచ్చిన వ్యాసాన్ని పరిశీలించింది ఎవరో నాకు మాత్రం చెప్పు, నాలోనే ఉంచుకుంటాను" అని రాశారు. చెప్పను మావయ్యగారూ. ఆ పెద్దమనిషికి పేరు బయటికి రాదని మాటిచ్చి, మొహమాటం లేకుండా రాయమన్నాను. ఆయన నిజంగానే మొహమాటం లేకుండా రాశారు. ఇప్పుడు మీకు చెబితే మీరు మీలోనే ఉంచుకుంటారు, నిజమే, కానీ పండక్కి ఆయన కనబడగానే "బాగా కడిగేశావోయ్!" అని వీపు తడతారు. మీ సంగతి నాకు తెలీదా.

ఇంకో వార్త మీకు నవ్వు తెప్పిస్తుంది. చేపల మేత మీద వ్యాసం పంపిన ఒకాయన, మన నిర్ణయం రాకముందే, గుడివాడ బస్సు కండక్టర్ చేతికి ఒక బకెట్టు రొయ్యలు ఇచ్చి పంపించాడు. ఐసు మధ్యన, ఒక్కోటి నా అరచేయంత. మీ అబ్బాయి మొహం వెలిగిపోయింది. నేను కత్తిపీట కూడా తియ్యనివ్వలేదు. తిరిగి పంపేలోపు పాడైపోతాయి కాబట్టి వెనక వీధి హాస్టల్ పిల్లలకి ఇప్పించేసి, ఆయనకి ఫోన్ చేసి, ఇంకోసారి ఇలా చేస్తే వ్యాసం చూడనే చూడమని చెప్పాను. ఆ సాయంత్రం హాస్టల్లోంచి వేపుడు వాసన గోడ దాటి వస్తుంటే మీ అబ్బాయి నాతో మాట్లాడకుండా టమాటా పప్పుతో అన్నం తిన్నారు. తర్వాత పరిశీలకులిద్దరూ ఆ వ్యాసం పనికిరాదన్నారు. రొయ్యలు మాత్రం చాలా బాగున్నాయని హాస్టల్ పిల్లలు చెప్పారు.

ఇంతవరకూ రాసి లేచివెళ్ళి టీ పెట్టుకొచ్చాను. ఇక మీరు ఉత్తరం చివర్లో రాసిన సంగతికి రావాలి. దయచేసి ఇక్కణ్ణించి అత్తయ్యగారి పక్కన కూర్చుని చదవండి.

మీరు రాసింది రాసినట్టు కిందికి దించుతున్నాను. "ఐశ్వర్య తన వ్యాసంలో నా పేరు కూడా వేసిందట. సంతోషం. సంచిక రాగానే నాలుగు కాపీలు పంపించు. ఇక్కడి తెలుగు సంఘం వాళ్ళు వచ్చే నెల రెండో ఆదివారం ఆ సంచిక సభలో చూపించి నాకు శాలువా కప్పుతామంటున్నారు. ఇంతకీ వ్యాసం దేని మీదో కనుక్కుని రాయి."

మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వాగలేదు. రచయిత తన వ్యాసం దేని మీదో సంపాదకురాల్ని కనుక్కోమనడం మన పత్రిక పుట్టాక ఇదే మొదలనుకుంటాను. మీ అబ్బాయికి చదివి వినిపిస్తే ఆయనా నవ్వారు. తర్వాత శాలువా సంగతి మళ్ళీ చదివాను. అప్పుడిక నవ్వు రాలేదు.

వ్యాసం దేని మీదంటే, రొయ్యల చెరువుల్లో బెల్లం, తవుడు కలిపి పులియబెట్టి వేస్తే మందుల వాడకం తగ్గుతుందా అని. ఐశ్వర్య బాగా చేసింది. బంటుమిల్లిలో వాళ్ళ ఊరి చెరువుల గట్ల మీద ఎండలో తిరిగి, నీళ్ళు పట్టి, లెక్క కట్టి, తనూ తన గైడూ కలిసి రాశారు. పరిశీలకులు కూడా మెచ్చుకున్నారు. అయితే వ్యాసం మీద నాలుగు పేర్లున్నాయి. మూడోది వాళ్ళ కాలేజీ కరస్పాండెంటుగారు. నాలుగోది మీరు.

సంచిక ఎందుకు ఆలస్యమైందని మీరడిగితే, ప్రెస్సులో మెషీను పాడైందని మీ అబ్బాయి చేత చెప్పించాను. అది అబద్ధం మావయ్యగారూ. మెషీను బ్రహ్మాండంగా ఉంది. ఈ వ్యాసాన్ని ఆపింది నేను. మీ పేరు చూసి ఆపాను. ఇన్నాళ్ళూ మీకు రాయడానికి చెయ్యి రాక, మోకాలి నొప్పి తగ్గనీ, కట్టు విప్పనీ అని నాకు నేనే వాయిదాలు వేసుకున్నాను. శాలువాకి తేదీ కూడా పెట్టారని తెలిశాక ఇక దాచడం పాపమనిపించింది.

జరిగింది మొదట్నించీ చెబుతాను. ఐశ్వర్యని ఇంటికి పిలిచాను. వాళ్ళమ్మ నాంచారమ్మ కూడా తోడొచ్చింది. వ్యాసం మీదున్న నలుగురిలో ఎవరెవరు ఏమేం పని చేశారో చెప్పమన్నాను. తన పని చెప్పింది, గైడు పని చెప్పింది. కరస్పాండెంటుగారి దగ్గరకొచ్చేసరికి "ఆయన సెలవులిచ్చారండి" అంది.

"మరి మా మావయ్యగారు?"

ఆ పిల్ల ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "ఆశీర్వదించారండి" అంది.

అది నిజమేనట. మీరు రైలెక్కే ముందు మన వరండాలో కాళ్ళకి దణ్ణం పెడితే, తల మీద చెయ్యి పెట్టి "గొప్పదానివవుతావే" అన్నారట. ఆ మాటకి ఆ పిల్ల కళ్ళు ఇప్పటికీ మెరుస్తున్నాయి. అలాంటి పిల్లకి తప్పని చెప్పడం ఎంత కష్టమో చూడండి. ఆశీర్వదించినవాళ్ళు రచయితలు కారమ్మా, పని చేసినవాళ్ళ పేర్లే వెయ్యాలి, చివర్లో కృతజ్ఞతలు చెప్పుకోవచ్చు అన్నాను.

అప్పుడు నాంచారమ్మ అందుకుంది. "అదేంటండీ మేడమ్‌గారూ! శుభలేఖ కొట్టిస్తే పైన పెద్దోళ్ళ పేర్లు వెయ్యమా? మా పెద్దదాని పెళ్ళికి మా మావగారి పేరు అందరికన్నా పైన వేశాం. ఆయనేమన్నా వంట చేశాడా, పందిరేశాడా? మంచం మీదున్నాడు. అయినా పేరెయ్యకపోతే ఊళ్ళో తలెత్తుకోగలమా?"

నిజం చెబుతున్నాను, ఆవిడ మాట కొట్టిపారేసేది కాదు. మా పెళ్ళి శుభలేఖలో మా పెదతాతగారి పేరు చిన్నక్షరాల్లో పడిందని ఆయన పెళ్ళికి రాకుండా గుడివాడలో కూర్చోవడం మీకు గుర్తుండే ఉంటుంది. మనవాళ్ళకి పేరు వెయ్యడమంటే కుర్చీ వేసి కూర్చోబెట్టడం. ఐశ్వర్య మనసులో ఏ దురుద్దేశమూ లేదు. మీ పేరు వాడుకుని పైకి రావాలనీ కాదు. పెద్దవారిని మర్చిపోతే పాపమని వేసింది. ఆ పిల్ల చేత ఆ పేరు తీయిస్తే, పెళ్ళిపందిట్లోంచి ఇంటి పెద్దని లేచి వెళ్ళమన్నట్టు ఉంటుందని దాని భయం. "మాస్టారికి కోపమొస్తుందండి, నేను ఆయనకి మొహం చూపించలేను" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను కాఫీ ఇచ్చి పంపించేశాను. తేలకుండానే పంపించాను.

కోడలిగా ఇది నేను తేల్చకూడని వ్యవహారమనిపించింది. పేరు ఉంచితే మావగారి పేరు కోడలు వేసుకుందంటారు. తీస్తే కుర్చీ ఎక్కగానే మావగారి పేరు కొట్టేసిందంటారు. అందుకని ఫైలు తీసుకుని గుడివాడ వెళ్ళి, సహసంపాదకుడు కాబట్టి శ్రీనివాసరావుగారి చేతిలో పెట్టి, మీరే తేల్చండన్నాను. ఆయన మీ శిష్యుడు కదా, మీ పేరు చూడగానే కుర్చీలోంచి సగం లేచి మళ్ళీ కూర్చున్నారు. "అమ్మా, రూలు ప్రకారం తియ్యాల్సిందేనమ్మా. కానీ నా చేత్తో నేను తియ్యలేను. మాస్టారు రేపు బస్టాండులో కనబడితే నేనేం చెప్పుకోను?" అన్నారు. తియ్యాల్సిందేనన్న ఆ ఒక్క మాటా రాసి సంతకం పెట్టివ్వమన్నాను. పాపం, పెట్టిచ్చారు. ఆయన మీద మీరు కోప్పడకండి, కోప్పడాలంటే నేనున్నాను.

కరస్పాండెంటుగారి విషయం మాత్రం ఇట్టే తేలిపోయింది. ఫోన్ చేసి, మీ పేరు రచయితల్లో ఉండకూడదండీ అంటే, "తీసేస్తే తీసేశారు గానీ మేడమ్, వెనక అట్ట మీద మా కాలేజీ ఫొటో పడుతుందా?" అన్నారు. ప్రకటనకి వేరే పేజీ ఉందని చెప్పాను. అలా మిగిలింది మీరొక్కరే.

నాకు మాత్రం తియ్యబుద్ధయిందా అంటే, కాలేదు. శాలువా సంగతి అప్పటికి తెలీదు గానీ, మీరు ఏ సంచిక వచ్చినా ముందు పేర్లు ఉన్న పేజీ తెరిచి, వేలు పెట్టి చదివి, తర్వాతే మిగతా పుస్తకం చూస్తారని తెలుసు. మా నాన్న పోయాక నాకు నాన్న లేని లోటు మీరు తెలియనివ్వలేదు. పీహెచ్‌డీ రాసే రోజుల్లో పిల్లవాణ్ణి మీరు భుజాన వేసుకుని వరండాలో పచార్లు చేస్తుంటే, నేను లోపల కూర్చుని రాసుకున్నాను. అలాంటి మీకు ఈ ఒక్క చిన్న సంతోషం ఉంచితే ఎవరి సొమ్మేం పోయిందని నా మనసు గట్టిగానే పీకింది. ఉంచేద్దామని దాదాపు నిశ్చయించుకున్నాను కూడా.

అప్పుడు కోడూరు నుంచి ప్రభాకర్ వచ్చాడు. మీకు బాగా తెలిసినవాడే, చర్చి వెనక చెరువులున్న ప్రభాకర్. తెల్లమచ్చ తెగులొచ్చి రొయ్యలన్నీ పోయిన ఏడాది మీరు అతనితో గట్లన్నీ తిరిగి, ఏం చెయ్యాలో చెప్పి, మళ్ళీ పంట వేయించారట. ఆ సంగతి చెప్పేటప్పుడు అతని గొంతే మారిపోతుంది. వ్యాసం గురించి ఎవరి ద్వారానో విన్నాడు.

"మాస్టారు రాశారంట కదమ్మా, బెల్లం తవుడు పులియబెట్టి వేస్తే ఇంక మందులక్కర్లేదని. మా చెరువులన్నిట్లో మందులాపేద్దామనుకుంటున్నానండి" అన్నాడు.

"మీకెవరు చెప్పారో గానీ, అందులో అలా లేదు ప్రభాకర్‌గారూ. తగ్గించొచ్చేమో అని ఉంది. అదైనా బంటుమిల్లి వైపు, నీళ్ళు చప్పగా ఉండే చెరువుల్లో, ఒక్క పంటకి చూశారు. మీ కోడూరు నీళ్ళలో ఉప్పెక్కువ. అక్కడ పనిచేస్తుందో లేదో ఎవరూ చూడలేదు. అచ్చయ్యాక ఒకసారి చదివి అప్పుడు నిర్ణయించుకోండి" అన్నాను.

"నేను చదివేదేముందండీ? మాస్టారి పేరుంది కదా. చెరువు చూడకుండా ఆయన పేరు పెట్టరు" అన్నాడు.

మావయ్యగారూ, ఆ మాటకి నేనేం చెప్పను? ఆయన చెరువు చూడలేదు బాబూ, వ్యాసం కూడా చూడలేదు అని నా నోటితో ఎలా అనను? ఇంకాసేపు నచ్చజెప్పి, మందులు ఆపవద్దని ఒట్టు వేయించుకున్నంత పని చేసి పంపించాను. వెళ్తూ వెళ్తూ "మాస్టారిని ఓసారి కనుక్కుని చెప్పండమ్మా, మా ఉప్పు చెరువులకి పనికొస్తదో లేదో" అన్నాడు.

ఆ రోజే తేల్చేసుకున్నాను. ఐశ్వర్యకి మీ పేరు దణ్ణం పెట్టడం లాంటిది. తెలుగు సంఘం వాళ్ళకి మీ పేరు గొప్ప. ప్రభాకర్‌కి మాత్రం అది హామీ. ఆ హామీని నమ్మి అతను ఒక పంటంతా పణంగా పెట్టబోయాడు. రేపు ఆ చెరువులు పోతే అతను ఐశ్వర్యని అడగడు, గైడుని అడగడు. మిమ్మల్ని కూడా అడగడు. మాస్టారు చెప్పారు కదా, నా ఖర్మ ఇలా ఉందనుకుని ఊరుకుంటాడు. అది నేను భరించలేను. మీరు గట్ల మీద తిరిగి తిరిగి సంపాదించుకున్న పేరది. మీకు తెలియకుండా దాన్ని ఎవరూ ఖర్చుపెట్టకూడదు, ప్రేమతోనైనా సరే.

ఆ సాయంత్రం మీ అబ్బాయికి చెబితే, "నాన్న నీకు కుర్చీ ఇచ్చారు, నువ్వు మొదటి సంచికలోనే ఆయన పేరు లేపేస్తున్నావా?" అన్నారు. అని, స్కూటర్ తుడవడానికి బయటికి వెళ్ళిపోయారు. ఇప్పటిదాకా ఆయన ఎటువైపో చెప్పలేదు. ఈ ఉత్తరం స్పీడ్ పోస్టు చెయ్యడానికి తనే వెళ్తానన్నారు కాబట్టి నావైపేనేమోనని ఆశ.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది రాస్తాను. మీకు చెప్పకుండా మీ పేరు తియ్యడం కూడా తప్పే, పెట్టడం ఎంత తప్పో అంత. కాబట్టి నాకు మీ చేత్తో రెండు ముక్కలు కావాలి. ఈ పనిలో నా భాగం లేదు, రచయితల్లో నా పేరు ఉండనక్కర్లేదు అని రాసి సంతకం పెట్టండి. అలా రాయడం మీలాంటివారికి ఎంత కష్టమో నాకు తెలుసు. అది అడగాల్సి వచ్చినందుకు నాకు ఏడుపొస్తోంది, కాగితం మీద చెమ్మ కనిపిస్తే అది టీ కాదు. మీరు రాయనంటే నేను వ్యాసం వెయ్యను. అప్పుడు ఐశ్వర్య వచ్చే సంచిక దాకా ఆర్నెల్లు ఆగాలి, ఉద్యోగం ఇంటర్వ్యూకి చేతిలో ఏమీ ఉండదు. లేదూ, ఇది నా పనే అని మీరంటారా, వ్యాసం కాపీ దీంతో జతచేశాను. మొత్తం చదివి, ప్రభాకర్‌కి జవాబు మీరే చెప్పండి.

ఐశ్వర్యకి కూడా ఒక కార్డు ముక్క రాయండి, కోపం లేదని. ఆ పిల్ల నా మాట నమ్మడం లేదు. పాత సంచికల్లో మీ పేరున్న వ్యాసాల సంగతి మీరొచ్చాక ఇద్దరం కూర్చుని చూద్దాం. ఏవి మీవో మీకే తెలుసు.

శాలువా సంగతి. దయచేసి కప్పించుకోండి. తెలుగు సంఘం వాళ్ళకి మీరే నిజం చెప్పి, ఈ వ్యాసానికి కాదు, పాతికేళ్ళు పత్రిక నడిపినందుకు కప్పమనండి. ప్రూఫులు మీరు దిద్దారు, రెండుసార్లు ప్రెస్సు మూతపడితే వేరే ఊళ్ళో అచ్చు వేయించారు, సంచికల కట్టలు బస్సు పైన వేసుకుని అవనిగడ్డ దాకా మోసుకెళ్ళారు. దానికి ఎన్ని శాలువాలు కప్పినా నేను ముందు వరసలో నిలబడి చప్పట్లు కొడతాను. పాత సంచికలు పది లడ్డూ డబ్బాతో పాటు వస్తున్నాయి, సభలో చూపించడానికి. లడ్డూల మీద పెట్టకండి, నెయ్యి అంటుతుంది.

ఇంకొక్కటి అడిగి ముగిస్తాను. మోకాలు కుదుటపడి మీరు ఊరొచ్చాక, ప్రభాకర్ మిమ్మల్ని కోడూరు తీసుకెళ్తానన్నాడు. వెళ్ళి చెరువులు చూడండి. ఉప్పు నీళ్ళలో ఈ పద్ధతి నిలబడుతుందా, లేదా, ఏం పరీక్షించి చూడాలి అన్నది వచ్చే సంచికకి మీరే రాయండి. ఆ గట్ల గురించి మీకన్నా తెలిసినవాళ్ళు ఈ జిల్లాలో లేరు. కాకపోతే అది వెయ్యాలా వద్దా అన్నది కోడలిగా నేను తేల్చకూడదు, శ్రీనివాసరావుగారే తేల్చాలి. మీ పేరు చూస్తే ఆయన చదవకుండానే ఒప్పేసుకుంటారు కాబట్టి, పేరు తీసేసిన తర్వాతే ఆయనకి పంపుతాను. బాగోలేదంటే మొహమాటం లేకుండా తిప్పి పంపిస్తాను, కారణాలు కూడా రాసి. బాగుందంటే మీ పేరు మళ్ళీ పెడతాను. పైనా కిందా ఇంకెవరి పేరూ ఉండదు, మీదొక్కటే.

ఇట్లు,
మీరు తిట్టినా మీ జవాబు కోసం గేటు దగ్గర నిలబడే
మీ కోడలు,
సుమతి